పడి లేచినవాణ్ణి ఆడనివ్వని మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు పోయారు. బేస్తవారిపేట నుంచి వచ్చిన బంధువొకడు భోజనాల దగ్గర మామూలు కబురులా చెప్పాడు. కలిపిన అన్నం అలాగే వదిలి లేచాను.

మార్కాపురం బడిలో ఆయన మాకు చెడుగుడు నేర్పారు. నేర్పారనడం కంటే కాపలా కాశారనాలి. ఆటకు ముందు అందరం వంగి నేలమీది పలకరాతి పెంకులు ఏరాల్సిందే. ఒక్కొక్కడి గోళ్ళూ చూసేవారు. గుండ్లకమ్మ ఏటి ఇసుక బండ్ల మీద తోలించి బరి నిండా పరిపించారు. ఎవడైనా కుంటుతూ "ఏం కాలేదు సార్" అంటే, "ఏం కాలేదన్నోన్నే ముందు చూడాల" అనేవారు.

గిద్దలూరు జట్టుతో పోటీ జరిగిన రోజు, ఎదుటివాణ్ణి పట్టబోయి నేను వెల్లకిలా పడ్డాను. తల వెనకభాగం నేలకు కొట్టుకుంది. వెంటనే లేచాను. నవ్వాను కూడా. మాస్టారు బరిలోకి వచ్చి, నా గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూశారు.

"పొద్దున ఏం తిన్నావురా?"

గుర్తు రాలేదు.

"ఇంక చాలు. బయటికి రా."

జనం కేకలు వేశారు. మా నాయన కూడా పరుగున వచ్చాడు. "పిల్లోడు బాగనే ఉండాడు గదా అయ్యోరా! వీడు లేకుంటే ఓడిపోతాం."

"ఓడిపోనీ అన్నా. మా తమ్ముడూ ఇట్లనే లేచి నవ్వినాడు. మళ్ళా ఆడినాడు. దీపాలు పెట్టే యాళకు లేడు."

నాయన నా చెయ్యి పట్టుకుని బరి బయటికి నడిపించాడు. మేం ఓడిపోయాం.

సాయంత్రానికి నాకు వాంతులు మొదలయ్యాయి, మాట తడబడింది. మాస్టారే బండి కట్టించి ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను తేరుకునేదాకా మంచం పక్కనే కూర్చున్నారు. ఆ మగతలో ఆయన నన్ను పిలుస్తూనే ఉన్నారు. పిలిచిన పేరు మాత్రం నాది కాదు.

ఇవాళ నా పిల్లల్ని తడుముకోకుండా పేరుపెట్టి పిలుస్తున్నానంటే ఆయన చలవే. కానీ ఆ తర్వాత నేను ఎప్పుడు నవ్వినా ఆయన ముఖం తిప్పుకునేవారు. ఎందుకని నేనెన్నడూ అడగలేదు.

కిందటి వేసవిలో ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. చూపు మందగించి అరుగు మీద కూర్చుని ఉన్నారు. వీధిలో పిల్లలు చెడుగుడు ఆడుతున్నారు. ఊపిరి బిగబట్టి ఒకడు పెడుతున్న కూత ఉన్నట్టుండి తెగిపోయింది. మాస్టారి చెయ్యి గాలిలో వెతుక్కుంటూ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"లేచినాడా?"

"లేచినాడు సార్. ఆడతాండాడు."

కూత మళ్ళీ మొదలైంది. ఆయన పట్టు మాత్రం సడలలేదు.