మసూద్ పేరులో సింగిల్ కోట్

గౌలిపురలో పాలు పోసే ఇంట్ల పుట్టిన సుశీల, బర్రెల పని చేసుకుంటనే కంప్యూటర్ డిప్లొమా పూర్తిచేసింది. 2003లో యాకుత్‌పురా స్టేషన్ దగ్గర రక్తపరీక్షల సెంటర్‌లో ఆపరేటర్‌గా చేరింది. అక్కడ ప్రోగ్రాములు రాసేది గుంటూరు నుంచి వచ్చిన శ్రీహరిరావు. మొదటి రోజే, "పేడ కంపు కొడుతోంది, దూరంగా కూర్చో" అన్నాడు. సుశీల కుర్చీ జరపలేదు.

రిపోర్టు కోసం పేరు టైప్ చేసి వెతకాలి. మసూద్ అనే పేరును ఇంగ్లీషులో రాస్తే కొందరు Mas'ood అని మధ్యలో సింగిల్ కోట్ పెడతారు. అది కొట్టగానే ప్రోగ్రాం ఎర్రర్ చూపి ఆగిపోయేది. ఆ సంగతి సుశీల రావుకు రెండుసార్లు చెప్పింది.

"ఆ కోట్ తీసేసి ఎక్కించు. మిగతాది నీకెందుకు?" అన్నాడు రావు.

తీసేసింది. ఒక వారం ఇద్దరు మసూద్ అలీలు వచ్చారు. ఒకాయన పేరులో కోట్ ఉంది, ఇంకొకాయన పేరులో లేదు. కంప్యూటర్లో ఇద్దరూ ఒక్కటయ్యారు. తలాబ్‌కట్ట ముసలాయన మసూద్ అలీకి, వయసులో ఉన్న ఇంకో మసూద్ అలీ రిపోర్టు పోయింది. షుగర్ లేదని నమ్మి ఆయన గోలీలు మానేశాడు. పదిహేను రోజులకు కాలి పుండు నల్లబడింది.

ఆయన భార్య రిపోర్టును కౌంటర్ మీద విసిరికొట్టింది. "మా మియా కాలు కుళ్లిపోయింది! ఈ కాగజ్ ఎవరిచ్చిన్రు?"

రావు సుశీలను చూపించాడు. యజమాని డాక్టర్ విశ్వేశ్వర్ తెల్లకాగితం ముందు పెట్టాడు. "తప్పు నాదే అని రాసివ్వు."

"రాయ సార్. ముందు ఇది చూడుండ్రి."

పేరు గడిలో ఒక కోట్ పెట్టి, పక్కన 'లేదా ఒకటి ఒకటికి సమానమైనా చాలు' అని, ఎప్పుడూ నిజమయ్యే ఇంకో షరతు కొట్టింది. సెంటర్లో పరీక్ష చేయించుకున్న అందరి పేర్లు, జబ్బులు తెర మీద జలజలా దిగినయి. రావు కోడ్ తెరిచి చూపించింది. టైప్ చేసిన పేరును ఆయన, రికార్డులు వెతకమని కంప్యూటర్‌ను అడిగే ప్రశ్నలో నేరుగా అతికించాడు. కోట్ పడితే పేరు అక్కడితో అయిపోయిందనుకుని, తర్వాత ఉన్నదాన్ని కంప్యూటర్ ఆజ్ఞగా తీసుకునేది. ఆ ప్రశ్నలో పేరు రావాల్సిన చోట సుశీల ప్రశ్నార్థకం గుర్తు పెట్టి, పేరును విడిగా పంపింది. ఒకే పేరున్నవాళ్లు కలిసిపోకుండా, ఒక్కొక్కరికీ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరుకు ఇంకో ప్రశ్నార్థకం పెట్టింది. ఇప్పుడు గడిలో ఏం కొట్టినా అది పేరే, ఆజ్ఞ కాదు.

"నా కోడ్ మీద చెయ్యి వేయడానికి నువ్వెవరివే?" రావు టేబుల్ గుద్దాడు.

"నీ మాట విని కోట్ తీసిన చెయ్యి నాది. నువ్వేం గుద్దుకుంటవో గుద్దుకో."

డాక్టర్ తెల్లకాగితం చించేశాడు. బయట చెప్తే ఉద్యోగం ఉండదన్నాడు. సుశీల సరైన రిపోర్టు పట్టుకుని తలాబ్‌కట్ట పోయి, జరిగింది మొత్తం చెప్పింది. అప్పటికే ముసలాయన కాలి వేళ్లు రెండు తీసేశారు. భార్య కాగితం లాక్కుని, మొహం మీదే తలుపేసింది. ఆ కోపం సుశీలకు న్యాయంగానే అనిపించింది. ఆమె చెప్పిందని తెలిసినా, కోడ్ బాగుచేసేది ఆమె ఒక్కతే కనుక డాక్టర్ ఉద్యోగం తీయలేదు.

ఆ తర్వాత మూడేళ్లు రావు, సుశీల ఒకే గదిలో మాటల్లేకుండా పనిచేశారు. అతను ఫైళ్లు విసిరేవాడు, ఆమె వాటిని నేల మీదే ఉంచేది. అతను రాసిన వెతికే ప్రోగ్రాములన్నీ అదే తీరుగా ఒక్కొక్కటిగా మార్చేసింది. రావు ఉద్యోగం మానేసిన రోజు అతని వీడ్కోలుకు అందరూ చాయ్ తాగారు. సుశీల తాగలేదు.