పున్నమినాడు ఆగిన మగ్గం

మా సరదాలన్నీ అమావాస్యకే. నేతవాళ్ల ఇళ్లలో మగ్గానికి సెలవు ఆ ఒక్కరోజే మరి. ఓర్వకల్లు రాక్ గార్డెన్, బెలుం గుహలు, గండికోట, ఏది చూసినా అమావాస్యనాడే చూశాం. ఓర్వకల్లు బండల్ని చూసి మా అమ్మ బుగ్గన వేలేసుకుంది. "ఎవురు పేర్చినారో గానీ శానా ఓపిక" అంది. బెలుంలో మాత్రం నాకు నవ్వొచ్చింది. భూమి లోపల పున్నమైతేనేం, అమావాస్యైతేనేం!

గండికోటలో అలా కాదు. కొండను నిలువునా చీల్చుకుని పెన్నేరు పోయే ఆ లోయను ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. "పున్నమికి రండమ్మా, ఎన్నెల్లో సూడాల" అని అక్కడ టీ అమ్మే ఆమె వెళ్లినప్పుడల్లా ఊరించేది. మాకేమో పున్నమినాడు మగ్గం ఆడాల్సిందే.

కిందటేడు కర్నూలులో కంటి డాక్టరు, అమ్మకు చూపు మెల్లగా పోతుందని, పోయింది తిరిగి రాదని చెప్పాడు. తిరుగు బస్సులో అమ్మ ఏడవలేదు. "గండికోటలో ఎన్నెల సూడకనే పోతాదేమో" అంది, అంతే. ముందు సీట్లో ఉన్న నాయన వెనక్కి తిరగలేదు. విన్నాడో లేదో తెలియలేదు. ఆయన నోట మాట రావడమే గగనం.

ఆ తర్వాతి పున్నమినాడు పొద్దున ఆయన గుంటమగ్గంలోకి దిగలేదు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. మామూలు రోజున మగ్గం చప్పుడు ఆగిందంటే మా వీధిలో చావు కబురని అర్థం. పక్కింటాయన పరుగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా, ఎవురికేమైనాది?"

"ఎవురికేం కాలేదు. గండికోటకు పోతాండాం" అన్నాడు నాయన.

అటు పొద్దు గుంకుతుంటే ఇటు చంద్రుడు లేచాడు. బండల ఎరుపు ఇంకా ఆరకముందే అడుగున ఏరు మెరిసింది. ఎంత బాగుందో! అమ్మ కళ్లు చికిలించి ఒకే వైపు చూస్తోంది.

"మసగ్గా ఉండాది. నువ్వు సెప్పు" అంది నాయనతో.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అటూ ఇటూ ఎర్రంచు. నడుమ ఏరు, ఒంటి జరీపోగు మాదిరి. యాడా తెగలేదు..." నాయన అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆయన కూతురినని ఆ సాయంత్రం నాకు చాలా గర్వంగా అనిపించింది.

ఇప్పుడు అమ్మకు చూపు పూర్తిగా పోయింది. పున్నమికి మా మగ్గం ఆగితే ఎవరూ పరుగెత్తుకు రావడం లేదు. పోయిన పున్నమికీ ఇద్దరినీ తీసుకెళ్లాను. అమ్మ బండమీద కూర్చుని, నాయన చెయ్యి పట్టుకుని, "ఊ, సెప్పు" అంది.