ఫెర్మిన్ వదిలేసిన బంతి

నా బావమరిది ఫెర్మిన్ హాడ్జ్ చిన్నప్పుడు కంటికి కనబడిన ప్రతి బంతినీ కొట్టేవాడు. నేలను రాసుకుంటూ వచ్చినా కొట్టేవాడు, ముక్కు మీదికొచ్చినా కొట్టేవాడు. మా ఊరు కొన్సుయెలోలో, చక్కెర మిల్లు వెనక మైదానంలో అందరూ అంతే. బేస్‌బాల్‌లో నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే చాలు, బ్యాటు ఊపకుండానే నడుచుకుంటూ మొదటి బేస్ చేరొచ్చు. కానీ మాకు ఆట నేర్పిన చాగో ముసలాయనకు ఆ నడక పేరెత్తితేనే ఒళ్లుమంట.

"నడిచి ఈ దీవి దాటినోడు ఎవడైనా ఉన్నాడంట్రా? చుట్టూ సముద్రం! కొట్టు వెధవా!" అని అరిచేవాడు.

ఆ మాట మా దేశమంతా అనేదే. చాగో మాత్రం తానే కనిపెట్టినట్టు అనేవాడు. అందులో అబద్ధమూ లేదు. కుర్రాళ్లను ఏరుకుని పోవడానికొచ్చే గ్రింగోలు, అదే ఆ అమెరికావాళ్లు, నిలబడినవాణ్ణి చూసి ముచ్చటపడరు కదా. మా ఫెర్మిన్ మిల్లు రైలు పట్టాల అవతలికి కొట్టిన దెబ్బ చూసే సంతకం చేయించుకున్నారు, ఈ దీవిలోనే వాళ్లు నడిపే అకాడమీకి తీసుకుపోయారు.

విచిత్రం చూడండి. ఏ కొట్టుడు చూసి కొన్నారో, మర్నాటి నుంచే ఆ కొట్టుడు మానమన్నారు. వదిలెయ్యి, ఆగు, మంచి బంతి వచ్చేదాకా కదలకు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే పాఠం. చెడ్డ బంతికి బ్యాటు లేపితే ఎండలో మైదానం చుట్టూ పరుగు.

నా పెళ్లాం నూరిస్‌కి తమ్ముడంటే ప్రాణం. ఒక ఆదివారం చిక్కుడు గింజల కూర, అన్నం గిన్నెలో సర్దుకుని వెళ్తే, అకాడమీ గేటు తాళం తియ్యలేదు. ఊచల సందులోంచి గిన్నె అందించింది.

"ఏంట్రా ఇది, జైలా?" అంది.

"జైల్లో అయితే ఎన్నాళ్లో ముందే చెబుతారక్కా," అన్నాడు వాడు, నోట్లో ముద్దతోనే.

తర్వాత అమెరికా పంపారు. పెద్ద లీగుకు కాదు, దాని కింది మెట్ల మీదికి. ఊరి నుంచి ఊరికి బస్సు, బస్సు దిగితే మైదానం. పై జట్టులో వీడి చోటులో ఓ పేరున్న ఆటగాడు పాతుకుపోయాడు. ఆయన కదలడు, జట్టేమో వీణ్ణి ఇంకొకరికి వదలదు. కుడితిలో పడ్డ ఎలుకలా అక్కడే తిరిగాడు, ఏళ్ల తరబడి. ఫోను చేసినప్పుడల్లా గొంతు పీలగా వినిపించేది.

"బంతి రాగానే చేతులు లేస్తున్నాయి బావా. అంతలో ఎవడో లోపల్నుంచి పట్టుకుని ఆపేస్తున్నాడు."

"మీ కోచ్‌కి చెప్పావా?"

"చెప్పా. బాగా నేర్చుకుంటున్నావు అన్నాడు."

నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

"నాకు ఒక్కటే కావాలి బావా. పెద్ద మైదానంలో ఒక్క దెబ్బ. బ్యాటుకి బంతి తగిలిన చప్పుడు అక్కడ ఒక్కసారి వింటే చాలు. తర్వాత ఇంటికి పంపినా సరే."

ఆఖరికి ఆ పేరున్నాయనకు మోకాలు బెణికింది, వీడికి పిలుపొచ్చింది. బెంచీ మీద కూర్చోబెట్టి కూర్చోబెట్టి, ఒక ఆదివారం మధ్యాహ్నం బ్యాటు చేతికిచ్చారు. నా కొట్లో టీవీ ముందు వీధంతా ఉంది. చాగో ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఆట చివరి ఘట్టం, స్కోరు సమానం, మూడు బేసుల మీదా మనవాళ్లే. ఫెర్మిన్ కొట్టినా గెలుపే, ఊరికే నడిచినా మూడో బేస్‌వాడు ముందుకు జరిగి పరుగొస్తుంది, గెలుపే.

బంతి విసిరేవాడికి గురి కుదరడం లేదు. వరసగా మూడు చెడ్డ బంతులు. ఇంకొక్కటి చెడితే నడకే. మూడో బేస్ దగ్గరున్న కోచ్ టోపీ తడిమి సైగ చేశాడు, కొట్టొద్దని. నాలుగోది నోటి దగ్గరకొచ్చిన ముద్దలా నడిమికొచ్చింది. ఫెర్మిన్ కదల్లేదు. స్ట్రైక్. మళ్లీ సైగ, మళ్లీ ముద్ద, మళ్లీ స్ట్రైక్.

"ఆ సైగ చేసినోడి చెయ్యి పడిపోను!" అని చాగో కుర్చీలోంచి లేచాడు.

మంచి బంతి వదిలినా, ఊపి తప్పినా స్ట్రైకే; ఇంకోటి పడి మూడైతే అవుట్. ఇలాంటప్పుడు ఇక సైగ ఉండదు, కొట్టడమా మానడమా అన్నది వాడి ఇష్టమే. కొట్టంతా ఒక్క గొంతుతో "ఊపరా!" అని అరిచింది. బంతి కళ్ల ఎత్తులో, కాస్త పక్కగా వచ్చింది. చిన్నప్పుడు అలాంటివే పట్టాలు దాటించేవాడు. బ్యాటు భుజం మీంచి లేవలేదు.

నడిచాడు. జట్టు గెలిచింది. అక్కడ వాడి నెత్తిన నీళ్లు గుమ్మరించి గంతులేశారు. నా కొట్లో మాత్రం చప్పట్లు లేవు.

"గెలిచారు కదా, ఏంటయ్యా మీ ఏడుపు?" అని నూరిస్ ఒక్కత్తే కసిరింది. చాగో కుర్చీ వీధి వైపు తిప్పుకున్నాడు.

మర్నాడే ఆ మోకాలు బాగయింది. వీణ్ణి కిందికి పంపారు, మరుసటి వసంతంలో పూర్తిగా వదిలేశారు. ఈ ఆటలో నడకను బ్యాటింగు కింద లెక్కెయ్యరు. ఆ లెక్కన మా ఫెర్మిన్ పెద్ద లీగులో అసలు బ్యాటే పట్టలేదు! ఇదెక్కడి న్యాయమో నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు. ఇప్పుడు ఆ అకాడమీలోనే కుర్రాళ్లకు చెడ్డ బంతి వదలడం నేర్పుతున్నాడు.

మొన్న ఆదివారం కొట్టు ముందు మూతలాట ఆడాం. నీళ్ల డబ్బా మూత విసరడం, చీపురు కర్రతో కొట్టడం. గాల్లో మూత ఎటు తిరుగుతుందో దేవుడికే తెలియదు కనక ఇందులో చెడ్డ బంతీ లేదు, నడకా లేదు. అందినా అందకపోయినా ఊపడమే. ఫెర్మిన్ కర్ర పట్టుకున్నాడు, నేను విసిరాను. నాది చెత్త చెయ్యి, అన్నీ పక్కకే పోయాయి. నాలుగోది కూడా వదిలేసి, వాడు కర్ర కింద పెట్టి, తల వంచుకుని మొదటి బేస్ వైపు నడవడం మొదలెట్టాడు.

వీధంతా ఘొల్లున నవ్వింది. "ఒరేయ్, ఎక్కడికిరా, గ్రింగోల దగ్గరికా?" అన్నాడొకడు.

ఫెర్మిన్ సగం దారిలో ఆగాడు. వాడి మొహం చూశాక ఎవరూ నవ్వలేదు.

"ఇక్కడ నడక లేదు కదా బావా," అన్నాడు.

"లేదురా. రా, కొట్టు."

వెనక్కొచ్చి నిలబడ్డాడు. పసివాడికి వేసినట్టు మెల్లగా, నడుం ఎత్తులో విసిరాను. కర్ర కాస్త లేచింది, అక్కడే ఆగిపోయింది. మూత వెనక గోడకు తగిలి పడింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"ఇంకోటి వెయ్యి బావా," అన్నాడు.

వేశాను. అదీ గోడకే తగిలింది.