పువ్వు చెప్పిన యాక్సిల్

ఏ సందేహమొచ్చినా దేవుడి ముందు రెండు పువ్వులు పెట్టి తేల్చుకునే వయసు నాది, ఆ రోజుల్లో. బడికి పోకుండా నాన్నమ్మ దగ్గరే అక్షరాలూ స్తోత్రాలూ నేర్చుకున్నదాన్ని. ఏ చీర కట్టాలన్నా, ఏ కూర వండాలన్నా, ఎర్ర పువ్వొకటి, తెల్ల పువ్వొకటి తమలపాకుల్లో చుట్టి, కళ్లు మూసుకుని ఒకటి తీసేదాన్ని. (బెండకాయ వండమని దేవుడు ఒక్కసారీ చెప్పలేదు. నాకు పడదని ఆయనకి తెలుసు.)

పాతపట్నం అవతల కొండ ఊళ్లనుంచి అనాసపళ్లు దింపడానికి అన్నయ్య పాత జీపొకటి కొన్నాడు. దాని ముందు చక్రాలు దేనికది ఊగే రకం. రాళ్లదారిలో ప్రతి వానాకాలం ఏదో ఒకటి విరిగేది. అది పీకేసి, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే దూలంలా ఉండే సాలిడ్ యాక్సిల్ వేస్తే గాని ఈ ఏటి పళ్లబేరం దక్కదని మేస్త్రి తేల్చేశాడు. బండిని కదపొద్దన్నాడు కూడా. అన్నయ్య బస్సెక్కి నరసన్నపేటలో పాత ఇనుము కొట్టుకి వెళ్లి, అక్కణ్ణించి ఫోన్ చేశాడు. రెండున్నాయట, ఒకే ధరట. ఇంజన్ వైపునుంచి వచ్చే షాఫ్టు తగిలించే కుండలాంటి గుండు ఒకదానికి ఎడం పక్క, రెండోదానికి కుడి పక్క. మేస్త్రేమో ఫోన్ ఎత్తడం లేదు.

"ఒసే, నువ్వు పువ్వులెట్టి సెప్పేయే. అవతల ఇంకొకడు కాసుకొని కూకున్నాడంట."

చీరలూ కూరలూ దాటి దేవుడు ఇనుము దాకా వచ్చాడని నేను పొంగిపోయాను. ఎర్ర పువ్వొచ్చింది. ఎరుపంటే కుడి అనుకున్నాను, కుడి శుభం కూడాను.

సాయంత్రానికి యాక్సిల్ వాకిట్లో దిగింది. పసుపు రాసి బొట్టు పెట్టాను. మేస్త్రి వచ్చి జీపు కిందకి దూరాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"షాఫ్టు ఎడం పక్కనుంచి వస్తన్నాది బాబూ. ఈ గుండు కుడి పక్కన ఉన్నాది. ఈ జన్మకి కలవవు."

హారతి పళ్లెం గుమ్మంలో పెట్టేశాను. అన్నయ్య బేరం పోతుందన్న దిగులు తర్వాత సంగతి, ముందు దేవుడే తప్పు చెప్పాడన్నది నాకు మింగుడు పడలేదు. ఆయన నాకెందుకిలా చెప్పాడని నాన్నమ్మనడిగాను. ఆవిడ చేటలోంచి తలెత్తలేదు.

"బండి పొద్దుటినుంచీ వాకిట్లోనే ఉన్నాది గదే. ఒంగి సూస్తే తెలిసిపోయేదానికి ఆయన్నెందుకు లేపినావు?"

ఒంగి చూశాను. షాఫ్టు ఎడం పక్కనే, మా గుమ్మానికి ఎదురుగా, నా మొహం చూస్తూ ఉంది.

మర్నాడు అన్నయ్య ఆ యాక్సిల్‌ని వెనక్కి తీసుకుని, రెండోది అమ్ముడైపోయుంటుందన్న భయంతో వెళ్తే, అది అక్కడే పడి ఉందట. కాసుకుని కూర్చున్న ఆ ఇంకొకడు అసలు లేనేలేడు. కొట్టాయన నవ్వి మార్చి ఇచ్చాడు. (పసుపు రాసిన సరుక్కి గిరాకీ పెరుగుతుందన్నాడట.) పళ్లు కొండ దిగాయి. కొట్టాయన ఆడిన అబద్ధానికి దేవుడికి కొబ్బరికాయ కొట్టడం నా బతుకులో అదొక్కసారే.

ఇప్పటికీ పొద్దున్నే దీపం పెట్టి, ఇచ్చినవాటికి దండం పెట్టుకుంటాను. ఏమీ అడగను. ఒంగి చూసుకోవడం అలవాటైంది. కూర దగ్గర్నుంచి యాక్సిల్ దాకా ఆయన చేత చాకిరీ చేయించిన ఆ పిల్ల తలపుకొస్తే మాత్రం నవ్వొస్తుంది. ఆయనతో దానికి ఎంత చనువో! నాకు మళ్లీ అంత చనువు కుదరలేదు.