మా అత్తకొచ్చిన రేవు కంపెనీ పిలుపు

దగ్గరికి జరిగి కూసోండ్రి. ఆ పీట ఇటు గుంజుకోండ్రి, కాళ్లు సాపుకోండ్రి. నాకు తొందర లేదు, మీకు గూడ ఉండొద్దు. మా అత్త ఓడల రేవుల వాటా కొన్న ముచ్చట చెప్త. నవ్వొస్తే నవ్వుండ్రి. ఆమె ఉన్నన్ని రోజులు అందరికంటె ముందు ఆమే నవ్వేది.

మా దిక్కు, సముద్రం దిక్కు కలిసి ఒక్క రాష్ట్రమైన కొన్నేండ్లకు జరిగిన మాట. మేము నిజామాబాదుల ఉంటుంటిమి. మా ఇంటాయన గంజిల, అంటె పంట అమ్మే పెద్ద అంగట్ల, ఒక సేటు దగ్గర గుమాస్తా. పసుపు వచ్చే రోజులల్ల ఇంటికొస్తే చెవుల దాక పచ్చగ ఉండేటోడు, అంగీ పిండితే పచ్చటి నీళ్లు కారేటియి. మామ అప్పటికే పోయిండు. అత్తకు కోటగిరి తల్లిగారిల్లు. కాలువ కింద ఆమె తమ్ముడు చెరుకు ఏస్తుండె. ఒక ఏడు పంట మంచిగొచ్చిందని, అక్క వాటా అని, పైసలు తెచ్చి ఆమె కొంగుల పెట్టి పోయిండు.

"నగ చేయించుకో అవ్వా" అన్నడు మా ఆయన.

"నగ పెట్టుకొని నేనేడికి పోతరా?"

"అయితె సేటు ఒక మాట చెప్పిండు. సముద్రం ఒడ్డున ఓడలాగే రేవు కట్టిన కంపెనీ ఉన్నదట. వాటాలు అమ్ముతున్నరు. ఆయన గూడ కొన్నడు."

"ఓడలు మనకెందుకురా? మనం కందకుర్తి కాడ పడవ ఎక్కాల్నంటెనే దేవుడా అనుకుంటం."

"ఓడ మనది కాదే. ఆగే జాగ మనది. ఎవ్వల ఓడ వచ్చి సరుకు దించినా, ఎత్తినా, కంపెనీకి కిరాయి కట్టాలె."

అత్త బియ్యం ఏరుతుండె. చెయ్యి ఆపి ఆలోచన చేసింది. "అంటె అంగట్ల తైబజారు లెక్క. కూరగాయలు అమ్ముడుపోయినా పోకున్నా గంప దించినందుకు పైసలు."

"గంతే!"

"అయితె కొను. గంప దించకుండ ఎవ్వలుంటరు?"

అట్ల కొన్నం. పైస ఆమెది గనుక పేరు గూడ ఆమెదే రాయించిండు మా ఆయన. వాటా కాయిదం వచ్చింది, చీరెల నడుమ పెట్టింది, మేమందరం మర్చిపోయినం.

ఒకనాడు పగటీలి టపా వచ్చింది. పక్కింటామె, మేమందరం ఖాలా అని పిలుస్తుంటిమి, మా అరుగు మీద కూసొని తమలపాకులకు సున్నం రాస్తున్నది. మా ఆయన అన్నానికి ఇంటికొచ్చి కంచం ముంగట కూసున్నడు. లిఫాఫా చింపి, ఇంగ్లీషుల ఉంటే గొణుక్కుంట చదివిండు. "ఏం లేదవ్వా. ఏడాదికొకసారి వాటాదారులను కూసోబెట్టి కంపెనీ సంగతులు చెప్తరు. దానికి పిలుపు."

"పిలుపా? నాకా?"

లిఫాఫా మీద పేరు చూపెట్టిండు. ఆమెకు చదువు రాదు. ఏలు పెట్టి ఆ అక్షరాలను ఈ కొస నుంచి ఆ కొస దాక తడిమింది.

మీకొక సంగతి చెప్పాలె. మామ పోయినప్పటి సంది మా ఇంటికి ఏ పెండ్లి పిలుపొచ్చినా, బొట్టు పెట్టేటోళ్లు గడపల నిలబడి నాకు బొట్టు పెట్టి, ఆమె దిక్కు తిరిగి, "కోడలిని పంపు అక్కా" అనేటోళ్లు. చెడ్డ మనసుతోని అనలేదు, అది అలవాటు. ఆమె గూడ నవ్వుకుంటనే "పంపుత, పంపుత" అనేది. నాకు జడేసి, పూలు పెట్టి, గల్మ గడప దాక వచ్చి సాగనంపేది. నేను తిరిగొచ్చినంక అక్కడ ఏం వండిండ్రు, ఎవ్వలు ఏం కట్టుకున్నరు అని ఒక్కొక్కటి అడిగేది. ఎంత ఇష్టమో ఆమెకు మందిల కూసొని ముచ్చట పెట్టుడు!

లిఫాఫాలకెల్లి ఇంకో కాయిదం జారి కింద పడ్డది. "ఇదేందిరా?"

"నువ్వు రాలేకపోతె నీ బదులు ఇంకొకళ్లను పంపొచ్చు. దీని మీద ఏలిముద్ర ఏస్తే సాలు. సేటు మనిషి ఎవడో పోతడు."

"నా బదులా?"

"అందరు గట్లనే చేస్తరే. ఎవ్వలు పోరు."

"బదులు మనిషిని పంపి పంపి నాకు యాష్టకొచ్చిందిరా" అన్నది అత్త. గొంతు గట్టిగ లేదు, అయినా మా ఆయన నోట్ల ముద్ద ఆగిపోయింది. "పేరు పెట్టి పిలిచింది నన్ను. నేనే పోత."

"అక్కడ అందరు కోట్లు ఏసుకున్నోళ్లుంటరవ్వా!"

"నేను చీరె కట్టుకొని పోత. నన్నేమన్న కోటేసుకొమ్మన్నరా?"

ఖాలా పకపక నవ్వింది. ఆమె నవ్వినంక మా ఆయన మాట ఇంక నడువలేదు. సేటును అడిగి సెలవు తీసుకున్నడు.

ఇగ సూడండ్రి తయారీ! పిలిచినోళ్లింటికి వట్టి చేతులతోని పోతరా అని, అత్త పిండి తడిపి, తెల్లగుడ్డ పరిచి, సకినాలు సుట్టింది. నేను కాల్చిన. కోటగిరి నుంచి తమ్ముడు కొత్త బెల్లం పంపిండు. ఖాలా గోడ మీదికెల్లి తొంగిసూసి, "ఏందక్కా, సముద్రం నీకు వియ్యపురాలా? డబ్బా నిండ సారె నింపుతున్నవ్!" అన్నది.

"వియ్యపురాలే అనుకో. తక్కువ తెస్తే దెప్పుతది" అన్నది అత్త.

ముగ్గురం చిన్న లైను బండిల సికింద్రాబాదు పోయి, అక్కడ పెద్ద లైను బండి ఎక్కినం. దారి పొడుగున అత్త డబ్బాను ఒడిల నుంచి దించలేదు. నాకు మాత్రం లోపల ఒక్కటే భయం. అక్కడ గేటు కాడ ఎవడన్న "నువ్వెవ్వలమ్మా" అని వెనుకకు పంపిండనుకో, ఈ మనిషి ఇంక జన్మల ఎవ్వలింటి గడప తొక్కది.

అనుకున్నట్టే కంపెనీ ఆఫీసు తలుపు కాడ ఒక పిలగాడు బల్ల ఏసుకొని కూసున్నడు. "ఎవరి తరపున వచ్చారండి?" అని మా ఆయనను అడిగిండు.

మా ఆయన నోరు తెరిచేలోపల అత్త ముందుకొచ్చింది. "నా తరఫున నేనే వచ్చిన బిడ్డా. మీరే పిలిచిండ్రు గద."

ఆ పిలగాడు కాయిదంల పేర్లు చూసిండు, మళ్ల అత్త దిక్కు చూసిండు. ఏమనుకున్నడో, లేచి నిలబడి, "లోపలికి రండమ్మా. ముందు వరుస ఖాళీగా ఉంది" అన్నడు. అత్త వెనుక వరుసల కూసోబోయింది. ఆ పిలగాడే చెయ్యి చూపిచ్చి ముందుకు తోలుకపోయిండు. కుర్చీలు శానా ఉన్నయి గని మనుషులు కొంచెమే. ఇంగ్లీషుల ఏమేమో చదివిండ్రు. ఒప్పుకునేటోళ్లు చేతులెత్తాలెనట. అత్త ప్రతిదానికి చెయ్యి ఎత్తింది. మా ఆయన ముఖం కింద పెట్టుకున్నడు. "ఏం ఒప్పుకున్నవత్తా?" అని నేను చెవుల అడిగితే, "పిలిచినోళ్ల మాట కాదంటమా?" అన్నది.

అది అయినంక అందరిని రేవు కాడికి తోలుకపోయిండ్రు. సరుకు ఎత్తే కొత్త యంత్రం వచ్చిందట, ఆనాడే మొదలుపెట్టాలె. దాని ముంగట పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ తయారుగ ఉంచిండ్రు. కంపెనీ పెద్దమనిషి చుట్టూ చూసి, "ఇంత దూరం నుంచి వచ్చారు, వాటాదారులందర్లోకీ పెద్దవారు. మీరే కొట్టండమ్మా" అని కాయ అత్త చేతుల పెట్టిండు.

"నేనా? వద్దు బాబు. నేను కొట్టొద్దు."

"ఎందుకమ్మా?"

ఏం చెప్తది? ఆమె నొసలు చూస్తే తెలుస్తలేదా? ఎనుక నిలబడ్డ ఒకాయన ముందుకొచ్చి పెద్దమనిషి చెవుల ఏదో చెప్పిండు. అత్త తల వంచుకొని, ఎప్పుడు చేసేటట్టే, నా దిక్కు తిరిగింది. కాయ నా చేతులల్ల పెట్టబోయింది.

నేను రెండు చేతులు ఎనుకకు పెట్టుకున్న.

"పట్టు పిల్లా" అన్నది మెల్లగ.

"నన్నెవ్వలు పిలువలేదత్తా" అన్న. నా గొంతు నాకే కొత్తగ వినబడ్డది. "కాయిదం నీ పేర్న వచ్చింది. కొడితె నువ్వే కొట్టాలె."

పెద్దమనిషి నా దిక్కు ఒకసారి, ఆమె దిక్కు ఒకసారి చూసిండు. అప్పుడు నవ్విండు. "కోడలు చెప్పింది నిజమే. పిలిచింది మిమ్మల్నే. కొట్టండమ్మా, పనివాళ్లు ఎదురుచూస్తున్నారు."

అత్త కొంగు నడుముల దోపింది. ఒక్క దెబ్బ! కాయ రెండు చెక్కలై, నీళ్లు ఆయన పాలిష్ బూట్ల మీద పడ్డయి. యంత్రం గుర్రుమని లేచింది. కూలోళ్లు ఈలలేసిండ్రు. అత్త నవ్వుతున్నది, కండ్లల్ల నీళ్లు కారుతున్నయి, కొంగు నడుముల దోపింది గద, తుడుసుకునే దానికి గూడ లేదు.

ఆ ఎనుక డబ్బా తెరిచి పంచింది. కోట్లేసుకున్నోళ్లంత రేవు మీద నిలబడి సకినాలు కరకర నమిలిండ్రు. చెవుల గొణిగిన ఆయనకు గూడ పెట్టింది, రెండు ఎక్కువనే పెట్టింది. "పండ్లు పైలం నాయనా, సకినాలు గట్టిగున్నయి" అన్నది. ఆయన ముఖం చూడాలె మీరు! అందరు తిన్నంక తీరికగ సముద్రం దిక్కు చూసి, "ఇన్ని నీళ్లు పెట్టుకొని ఒక్క చెరుకు గడన్న ఏయలేదు సూడు" అన్నది.

తిరిగొచ్చినంక మా వాకిలి నిండ ఆడోళ్లు. ఎన్నిసార్లు చెప్పిందో ఆ ముచ్చట, చెప్పినప్పుడల్ల కొబ్బరికాయ ఇంత పెద్దగైతుండె. అందరు మారిండ్రని నేను చెప్ప. పెండ్లి పిలుపుకొచ్చి కొందరు ఇంక నన్నే పంపుమన్నరు, ఆమె గూడ పంపింది. గని మా గల్లీల ఒకామె పిండి గిర్ని పెట్టుకున్నది. ఆమె గూడ మొగడు పోయిన మనిషే. పొద్దుగాలనే వచ్చి, "అక్కా, మిషిన్లకు కాయ కొట్టాలె, నువ్వే రావాలె" అన్నది. అత్త నన్ను అడగలేదు, చూడను గూడ చూడలేదు. చెప్పులేసుకొని ముందు నడిచింది. నేనే ఉరికి అందుకున్న.

లాభాలొచ్చినయా అని అడుగుతరు మీరు. కొన్నేండ్లొచ్చినయి, కొన్నేండ్లు రాలే. వచ్చిన ఏడు గల్లీ మొత్తానికి పాయసం.

ఇంతసేపు నా మాట విన్నరు. మీ ఇల్లు సల్లగుండ. మీ పొయ్యి ఆరకుండ, మీ గడప ఎండకుండ, మీ ఇంటి ఆడోళ్ల నవ్వు నాలుగిండ్ల అవతలికి వినబడేటట్టు దేవుడు మిమ్ముల నిండుగ సూడాలె.