మేడం దేవులాడిన పాట

మా లైబ్రరీ మేడం పోయిన్రు. పోయిన శుక్రవారం పొద్దున నేను గుండ్లపోచంపల్లిల మా గోడౌన్‌ల డ్యూటీ మీద ఉన్న. మేడ్చల్ లైబ్రరీ అటెండర్ ఫోన్ జేసిండు. "అక్కా, మన మేడం నిద్రలనే పోయిన్రట. పొద్దుగాల లేపితె లేవలేదట. నీకు జెప్పకుంటె ఎట్లని జేసిన" అన్నడు. అప్పుడు నా ఒక చేతుల అట్టపెట్టె ఉంది. ఇంకో చేతుల దాని మీద అంటియ్యాల్సిన చీటి ఉంది. పెట్టె కింద పెట్టి మాట్లాడొచ్చన్న సోయి కూడ లేకుండె. "ఏ మేడం?" అని అడిగిన. తెలిసే అడిగిన.

ఆమె ఎవరో మీకు చెప్పాలె. మేడ్చల్‌ల ఒక చిన్న లైబ్రరీ ఉంది. ముందు గదిల పేపర్లు చదివేటోళ్లు, లోపలి గదిల పరీక్షలకు తయారయ్యే పిల్లలు. వాళ్లను దాటుకొని పోతె కిటికీ పక్కన ఒక కంప్యూటర్, దాని ముందట మా మేడం. ఉద్యోగం చేసినన్ని రోజులు అక్కడనే కూసున్నరు. రిటైరయినంక కూడ శనివారం శనివారం గాజులరామారం నుంచి బస్సెక్కి వచ్చేటోళ్లు. కొత్త సారు ఆ ఒక్క రోజు కుర్చీ ఆమెకు ఇడిసిపెట్టేటోడు. ఎవలికన్న ఏదన్న పుస్తకం కావాలె, అది ఇక్కడ లేదు అంటె, ఏ ఊర్ల ఏ లైబ్రరీల ఉందో ఆన్‌లైన్‌ల దేవులాడి చెప్పుడు ఆమె పని. ఎవలూ అప్పజెప్పిన పని గాదు.

కంప్యూటర్ ముట్టే ముందట కొంగుతోటి వేళ్లు తుడుసుకునేటోళ్లు. తర్వాత కండ్లు మూసుకొని, కావాల్సిన పేరు మెల్లగ నోటితోటి అనుకునేటోళ్లు. ఒకసారి సాగదీసి, ఒకసారి తుంచి, ఒకసారి వేరే ఊరోళ్లు అన్నట్టు. పక్కన కూసున్నోళ్లకు ఆమె నిద్రల మాట్లాడుతున్నట్టు అనిపించేది. అటెన్క ఒక్క వేలుతోటి టైపు చేసేటోళ్లు.

"ఎందుకు మేడం గట్ల?" అని మొదటి రోజే అడిగిన.

"మన తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాలల్ల ఎక్కిస్తరమ్మా. 'పాట' అనే మాటకు ఒకరు ఒక 'ఏ' పెడ్తరు, ఒకరు రెండు పెడ్తరు. టైపు చేసెటోడు తనకు వినొచ్చినట్టు చేస్తడు. వాడెట్ల విన్నడో మనం గట్ల వినాలె" అన్నరు.

నేను పుస్తకాల మనిషిని గాను. పదో తరగతి దాక చదివి పనిల వడ్డ. లైబ్రరీ మెట్లెక్కింది మా అవ్వ కోసం. మాది లాల్‌గడి మలక్‌పేట్. మా అమ్మ కూలికి పోయి నాట్లేసేది. నాకు ఐదేండ్లప్పుడు అమ్మ జ్వరమొచ్చి పోయింది. ఆమె మొకం నాకు యాదికి లేదు, ఇంట్ల ఒక్క ఫోటో లేదు. అవ్వనే నన్ను సాదింది. అవ్వకు చూపు మందగించినంక, పగటిపూట గోడకు ఒరిగి కూసొని ఊరికెనే ఏందో పాడుకునేది.

"మొగులు జూసి బెదరకే సెల్లె,
ముంత నీళ్లు దాగి నాటెయ్యె..."

అక్కడికొచ్చి ఆగిపోయేది. "మీ అమ్మ పాటనే గిది. ఎనక ఇంక మస్తుంటది. నాకు గుర్తొస్తలేదు" అని పరేషాన్ అయ్యేది. ఒకనాడు ఇంకో సంగతి చెప్పింది. నేను పాలుతాగే పిల్లనున్నప్పుడు పట్నం నుంచి ఒక సారొచ్చి, మడి ఒడ్డు మీద ఛత్రి పట్టుకొని కూసొని, అమ్మ పాడుతుంటె నోట్‌బుక్కుల రాసుకున్నడట. పుస్తకంల అచ్చయితది, తెచ్చిస్త అన్నడట. మళ్ల రాలేదట.

ఆ పొద్దు నుంచి నాకు మనసున పట్టలేదు. అవ్వకు ఇగ రెండు లైన్లే మిగిలినయి. అవి కూడ మర్సిపోతె, అమ్మది అని చెప్పుకోనీకి నాకు ఏం ఉంటది?

శనివారం నాకు సెలవు. షామీర్‌పేట్‌ల దిగి, ఇంకో ఆటో ఎక్కి మేడ్చల్ పోయేదాన్ని. పుస్తకం పేరు తెల్వదు, రాసినాయన పేరు తెల్వదు. వేరే ఎవలన్న అయితె నన్ను వచ్చిన దారినే పంపేటోళ్లు. మేడం మాత్రం మొదటి రోజే కుర్చీ దగ్గరికి జరిపి, "ఆ రెండు లైన్లు పాడు బిడ్డా" అన్నరు. చదువుకునే పిల్లల నడుమ సిగ్గుపడుకుంట పాడిన. ఆమె కండ్లు మూసుకొని విన్నరు.

ఆ శనివారాలు ఇప్పుడు తలుసుకుంటె కల లెక్కనే ఉంటయి. ఫ్యాన్ తిరుగుతుంటది. కిటికీల నుంచి ఎండ వచ్చి ఆమె చేతి మీద పడి, మెల్లగ బల్ల మీదికి జారి, పొద్దు వాలేవరకు నేల మీదికి దిగేది. తెర మీద ఎక్కడెక్కడి ఊర్లయో, ఎన్నడూ చూడని లైబ్రరీలయో పేర్లు వస్తుంటయి, పోతుంటయి. నాటు పాటలు, కూలి పాటలు, పల్లె పాటలు. పాత క్యాలెండర్ ఎనకదిక్కు మేడం ఒక్కొక్క స్పెల్లింగు రాసి కొట్టేసేటోళ్లు. మా ఊరి పేరు లాల్‌గడి కలిపి, లాల్ గడి విడగొట్టి, చివర్ల అక్షరం మార్చి, ఎన్ని తీర్ల రాసిన్రో. ఊరి పేరు కొడితె చాలు, పట్నంల ఉన్న మలక్‌పేట్ ముందటికి వచ్చేది. ఆ కాలనీల సంగతులు, ఆ రోడ్ల సంగతులు. "నువ్వు గాదమ్మా, పక్కకు జరుగు" అని తెరతోటి మాట్లాడేటోళ్లు.

రెండు నెల్లయినంక నేనే ఇడిసిపెడ్దామన్న. "మీకు తక్లీఫ్ ఇస్తున్న మేడం. అది అచ్చే కాలేదేమో."

"పుస్తకం యాడికి పోదు మొగులమ్మా. దాని పేరే దారి తప్పి ఉంటది" అన్నరు. నా పేరు మొగులమ్మ. నేను పుట్టిననాడు మొగులు పట్టి ఉండెనట, అందుకని పెట్టిన్రు.

ఆ మరుసటి శనివారం నేను పోయేవరకు ఆమె నవ్వుకుంట కూసున్నరు. తెర మీద ఒక పుస్తకం వివరం ఉంది. నాట్ల పాటల పుస్తకం, ఊరు పేరు రాసే జాగల మలక్‌పేట్, హైదరాబాద్ అని ఉంది.

"ఇది పట్నం మలక్‌పేట్ గద మేడం. ఎన్నిసార్లో చూసినం" అన్న.

"నేను గూడ గట్లనే జరిపేసిన. పొద్దుగాల బస్సుల గూసుంటె తోచింది. పట్నం మలక్‌పేట్‌ల నాట్లెక్కడేస్తరే? ఆ తారు రోడ్ల మీదనా?"

తెర దగ్గరికి వంగి మళ్ల చదివిన. ఎవరో ఆ వివరం ఎక్కించెటోళ్లు మా ఊరి పేరుల సగం చూసి, తమకు తెలిసిన ఊరు రాసేసిన్రు. మా అమ్మ ఇన్నేండ్లు వేరే ఊర్ల ఉన్నది.

ఆ పుస్తకం పట్నంల ఒక పాత కాలేజీ లైబ్రరీల ఉంది. బయటికి ఇయ్యరు, అక్కడనే చదువుకోవాలె. ఒకరోజు సెలవు పెట్టి ఇద్దరం పోయినం. పల్చటి పుస్తకం, అంచులు పసుపు పచ్చగ అయినయి. పేజీ తియ్యనీకి నా వేళ్లు రాలేదు. మేడమే తీసి నా దిక్కు జరిపిన్రు. "నువ్వే చదువు. మీ అమ్మది" అన్నరు. అవ్వ పాడే రెండు లైన్లు ఉన్నయి. వాటి కింద ఇంకా ఉంది.

"అది మొగులు గాదే సెల్లె, మా మొగులమ్మ,
ఒడ్డు మీద గూసుండి ఏడ్సెనమ్మ,
ఏడ్సిన కండ్ల నీళ్లు మడి నిండెనమ్మ,
మడి నిండినంక లేసి పాలిస్తనమ్మ."

పేజీ అడుగున చిన్న అక్షరాలల్ల రాసుంది. మొగులమ్మ అంటె మేఘాలకు దేవత అట. లోకాన్ని తాను పాలిస్తానని ఆ దేవత చెప్పుకుంటున్నదట. పాడినవారు, మలక్‌పేట్ కూలి స్త్రీ అని ఉంది. అంతే.

మేడం ముందుగాల నా మొకం చూసిన్రు. తర్వాత ఆ లైన్ల మీద వేలు పెట్టి, "ఏ లోకం ఏలుతదే ఆ సారు రాసిన దేవత? లేసి పాలు ఇస్త అంటున్నది మీ అమ్మ" అన్నరు. "ఇన్నేండ్లు నువ్వు దేవతవై గీ పుస్తకంల గూసున్నవు మొగులమ్మా." నవ్వుదామని నోరు తెరిసిన. ఏడుపొచ్చింది. చుట్టూ చదువుకునేటోళ్లు తలలెత్తి చూసిన్రు. మేడం నా వీపు మీద చెయ్యి వేసి, వాళ్లను చూసి, "ఏం లేదు, చదువుకోండ్రి" అన్నరు.

ఆమె అంతటితోటి ఇడిసిపెట్టలేదు. అక్కడి ఆఫీసర్ బల్ల ముందటికి నన్ను తీస్కపోయిన్రు. అచ్చయింది మార్చలేం, ఆన్‌లైన్‌ల ఉన్న వివరంలనన్న పాడినామె పేరు ఎక్కియ్యండ్రి, ఊరి పేరు సరిజెయ్యండ్రి అని అడిగిన్రు.

"ఆ పాట ఈమె తల్లిదే అననీకి ఆధారమేంది?" అన్నడాయన.

మేడం నా దిక్కు తిరిగి, "ఆధార్ కార్డు తియ్యి" అన్నరు. కార్డు మీద పేరు చూపెట్టి, పుస్తకంల లైను చూపెట్టి, "దేవత స్వయంగ వచ్చింది సార్. ఇంకేం ఆధారం గావాలె?" అన్నరు. ఆయన నవ్విండు గాని ఒప్పుకోలేదు. రాతమూలకంగ ఇయ్యండ్రి, పైనోళ్లను అడగాలె అన్నడు.

ఆ సాయంత్రం మేడం నాతోటి మా ఊరికి వచ్చిన్రు. ఇంటికి పోతె పొద్దువోతది అన్నా వినలేదు. షామీర్‌పేట్ చెరువు పక్కపొంటి బస్సు పోతుంటె నీళ్ల మీద ఎండ రాగి రంగుల పరుసుకొని ఉంది. ఇంటికి పోయి, ఫోన్ల ఫోటో తీసుకున్న పేజీ చూసి అవ్వకు చదివి వినిపిచ్చిన. అవ్వ మొదలు కదలకుండ విన్నది. తర్వాత, "గట్ల చదవద్దే, సాగదియ్యాలె" అని తిట్టి, తనే ఎత్తుకుంది. ఆగిపోయే జాగల ఆగలేదు. చివరి దాక పాడింది. అమ్మ గొంతు ఎట్లుండెనో నాకు తెల్వదు, అయినా ఆ గదిల ఇంకో మనిషి ఉన్నట్టే అనిపించింది.

"నువ్వు గుక్కపట్టి ఏడుస్తుంటివి" అన్నది అవ్వ. "నడిమిట్ల లేస్తె ఆసామి తిడుతడు. పాటల కలిపి నిన్ను ఊకుంచేది పాపం. ఈ వరస అయినంక లేస్తనే బిడ్డా, పాలిస్తనే అని. నేను పక్క వరసల్నే ఉంటి."

మేడం ఆ మాటలన్ని కాయితం మీద రాసి, చదివి వినిపిచ్చి, అవ్వ బొటనవేలు ముద్ర వేయించిన్రు. అదే మా ఆధారం. పోయేముందట, "ఆ ఒడ్డు చూపియ్యి" అన్నరు. ఒడ్డు ఏడుంది? ప్లాట్లు చేసిన్రు. తెల్ల సున్నం వేసిన రాళ్లు వరుసగ ఉన్నయి. గడ్డిల ఒక రాయి పక్కన మేడం నిలవడి, టైపు చేసే ముందటి లెక్కనే కండ్లు మూసుకున్నరు. ఆమెకు ఏం వినవడ్డదో నేను అడగలేదు.

నాలుగు నెలలు జవాబు రాలేదు. శనివారం శనివారం మేడం ఆ వివరం తెరిసి చూసేటోళ్లు. అప్పటికి గూడ మలక్‌పేట్, హైదరాబాదే. మళ్లీ ఉత్తరం రాసేటోళ్లు. ఒకనాడు పగటి బువ్వ యాళ్లకు నాకు ఫోన్ జేసిన్రు. "ఏం అడగకు. నీ ఫోన్ల మీ అమ్మ పేరు కొట్టు" అన్నరు. లచ్చవ్వ అని కొట్టిన. పుస్తకం పేరు వచ్చింది. కింద, పాడినవారు లచ్చవ్వ, లాల్‌గడి మలక్‌పేట్ అని ఉంది. ఇంగ్లీషుల రెండు తీర్ల స్పెల్లింగు పెట్టిచ్చిన్రు మేడం, ఎట్ల విన్నోళ్లకు గట్ల దొరకాలని. గోడౌన్ మెట్ల మీద గూసొని మళ్ల మళ్ల కొట్టిన. కొట్టిన ప్రతిసారి అమ్మ వచ్చింది.

నాకు దొరికినట్టే ఆమె చేతుల మీదుగ ఎవలెవలికి ఏమేం దొరికినయో నాకు తెల్వదు. అంత్యక్రియలకు పోతె ఆ ఇంటి ముందట సగం మంది ఒకరికొకరు తెల్వనోళ్లే. అందరం చెప్పులు ఇడిసి ఎండల నిలవడ్డం.

ఆఖరిసారి ఆమెను చూసింది రెండు నెల్ల కింద. నడుము నొప్పి అని లైబ్రరీకి వస్తలేరంటె గాజులరామారం పోయిన. మంచం మీద ఒరిగి ఉన్నరు. అప్పుడు అడిగిన, ఇన్నేండ్లల్ల మీ కోసం ఏం దేవులాడుకున్నరు మేడం అని. చిన్నపిల్ల లెక్క మొకం పక్కకు తిప్పుకున్నరు.

"ఒకటుంది. దొరకలేదు" అన్నరు. "మూడో తరగతిల మా బడిల ఒక బొమ్మల పుస్తకముండె. అట్ట లేదు, పేరు లేదు, ఎనక పేజీలు లేవు. ఒక పిల్ల పాత బావి మెట్లు దిగుతుంటది. ఒక్కొక్క మెట్టు మీద ఒక్కొక్క కాలం. ఒక మెట్టు మీద వాన, ఒక దాని మీద మంచు, ఒక దాని మీద మోదుగు పూలు. పిల్లకు భయం లేదు. దిగుతనే ఉంటది."

"తర్వాత మేడం?"

మేడం కండ్లు మూసుకున్నరు. బయట బట్టలు ఆరేసిన తీగ గాలికి ఊగుతుంది. ఎరుపు చీర నీడ ఆమె మీద నుంచి పోతుంది, వస్తుంది.

"ఆఖరి మెట్టు మీద నిలవడి, పాదం నీళ్లకు ఆనిస్తది" అన్నరు, వేలుతోటి గాలిల ఒక సున్న గీసి, దాని చుట్టు ఇంకో పెద్ద సున్న గీసి. "నీళ్లు గుండ్రంగ కదులుతయి. పెద్దగైతయి, ఇంక పెద్దగైతయి, పేజీ అంచు దాక వస్తయి. అక్కడ చినిగింది."