హాజరు కాని ప్రయాణికుడు

బైండింగు మాస్టారికి కోపం రావడం ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన భార్య నాలుగుసార్లే చూసింది. అయిదోసారి వచ్చిన కోపానికి నాలుగు నెలలు నిండాయి, ఇంకా దిగలేదు. రోజూ పొద్దున్నే కొట్టు తెరిచి, జిగురు డబ్బా మూత తీసి, బల్ల మీద ఫోన్ పెట్టి స్పీకరు నొక్కేవాడు. విమానం కంపెనీ వాళ్ళ పాట మొదలయ్యేది. పాట మధ్యలో ఒక ఆడగొంతు, "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అనేది. "ముఖ్యమైతే ఎత్తి మాట్లాడొచ్చు కదమ్మా!" అని ఈయన పుస్తకం కుట్టుకుంటూనే జవాబు చెప్పేవాడు. వినగా వినగా పక్క కొట్టు టైలరు కూడా మిషన్ తొక్కుతూ అదే పాట కూనిరాగం తీయడం మొదలెట్టాడు.

అంత కోపం రావడానికి మాస్టారు తగువులమారి మనిషేం కాదు. ఒక్క గది కొట్టు, ఒక పాత కటింగ్ మిషన్, గోడ పొడుగునా అరలు, చెవి వెనక పెన్సిలు, ఇదీ ఆయన లోకం. ఆ కొట్లోకి వచ్చిన అట్టముక్క మళ్ళీ బయటకి పోదు. శుభలేఖలు, మందుల డబ్బాలు, కొత్త చొక్కాల్లో వచ్చే అట్టలు, పాత క్యాలెండర్లు, అన్నీ బల్ల కింద చెక్కపెట్టెలోకి చేరాల్సిందే. పుస్తకం వెన్నులోకి బిరుసుగా ఉండే సన్నటి అట్ట కావాలి, అది ఎక్కడ కనిపించినా ఆయన చెయ్యి ఊరుకోదు. "కదలకుండా కాసేపు కూర్చుంటే నన్ను కూడా కోసి ఏదో ఒక పుస్తకంలో పెట్టేస్తారు" అనేది భార్య.

ఆయనకి ఒక చెల్లెలు. బస్సులో పద్నాలుగు గంటల దూరంలో ఉంటుంది. బడిలో టీచరు. అన్నాచెల్లెళ్ళకి ఒకరంటే ఒకరికి ప్రాణం. కానీ మాస్టారిది ఒకటే మాట, "ఈ ఒక్క పుస్తకం పూర్తి చేసి వస్తా." ఆ ఒక్క పుస్తకం ఎప్పటికీ పూర్తయ్యేది కాదు. చెల్లెలి గృహప్రవేశానికి వెళ్ళలేదు. ఆమెకి ఆపరేషన్ అయితే వెళ్ళలేదు. ఆ రోజు మాత్రం ఫోన్ చేసి, బస్సు దారిలో చెడిపోయింది, ఇక్కడే ఇరుక్కుపోయానని చెప్పాడు. "బస్సులో కటింగ్ మిషన్ కూడా పెట్టారా అన్నయ్యా? చప్పుడు వినిపిస్తోంది" అని చెల్లెలు ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఆయన చెప్పేది ఏదీ నమ్మడం మానేసింది. తప్పు ఎవరిదంటే మాస్టారిదే, అందులో దాపరికం ఏమీ లేదు.

నాలుగు నెలల కిందట, ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన చెల్లెలు రిటైరయ్యే రోజు వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి బడి హాల్లో సభ. ఇన్నేళ్ళలో పిల్లలు ఇచ్చిన చీటీలు, బొమ్మలు, తప్పుల తడక ఉత్తరాలు ఆమె సంవత్సరం కిందటే సంచీ నిండా పంపింది. మాస్టారు వాటిని వరసలో పేర్చి, ఒక్కొక్క కాగితం అంచు సరిచేసి, ఎర్రగుడ్డ అట్టతో లావుపాటి పుస్తకం కుట్టాడు. "ఈసారి చేత్తో తెచ్చి ఇస్తా. నాకు ముందు వరసలో కుర్చీ వేయించు" అన్నాడు. "నువ్వు రావు. అయినా వేయిస్తాలే" అంది చెల్లెలు.

ఈసారి బస్సుని నమ్మదలచుకోలేదు ఆయన. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి విమానం టికెట్టు కొన్నాడు. తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాడు. ఏడూ పదికి లేవాల్సిన విమానం ఎనిమిదీ యాభై అన్నారు. తర్వాత పదిన్నర అన్నారు. తర్వాత పన్నెండుంబావు. టైము మారినప్పుడల్లా కౌంటరు దగ్గరి అమ్మాయి అందరి బోర్డింగ్ కార్డుల మీద పాత టైము కొట్టేసి కొత్తది పెన్నుతో రాసిచ్చేది. జనం కేకలు వేసేవాళ్ళు, ఆ అమ్మాయి మంచినీళ్ళు తాగేది. ఒకటీ నలభై అన్నారు. రెండింటికి విమానం రద్దు అన్నారు. ఏమైందని అడిగితే, "నిర్వహణ కారణాల వల్ల సార్" అంది. నిర్వహించలేకపోయారన్న మాటని ఇంత నీటుగా చెప్పడం వాళ్ళకే చెల్లింది.

మాస్టారు అక్కడినుంచే చెల్లెలికి ఫోన్ చేశాడు. అవతల సభకి కుర్చీలు సర్దుతున్న చప్పుడు. "అన్నయ్యా, ఈసారి విమానం చెడిపోయిందా?" అంది ఆమె. కోపంగా అన్నా బాగుండేది, మామూలుగా అంది. ఆ రోజు నుంచి ఆయన ఫోన్ ఎత్తడం మానేసింది. వదినగారు సాక్ష్యం చెప్పబోతే, "నువ్వు కాకపోతే ఆయన్ని వెనకేసుకొచ్చేది ఎవరు వదినా" అని నవ్వి ఊరుకుంది.

పైగా ఇంకో దిగులు. విమానాశ్రయంలో సంచీలు తనిఖీ చేసేవాళ్ళు ఆ పుస్తకాన్ని రెక్కలు విరిచినట్టు విరిచి చూశారు. వెన్ను ఫట్‌మంది. మర్నాడు మాస్టారు కొట్లో కూర్చుని దాన్ని బాగుచేసి, కొరియర్‌లో చెల్లెలికి పంపాడు. అందినట్టు సంతకం వచ్చింది గానీ మాట రాలేదు.

అప్పుడు పుట్టింది ఆయన బుర్రలో ఆలోచన. కంపెనీ వాళ్ళే కాగితం మీద రాసిస్తే? ఫలానా రోజు మా విమానం ఏడు గంటలు సాగదీసి రద్దు చేశాం, ఈ పెద్దమనిషి పొద్దుటి నుంచీ మా దగ్గరే పడి ఉన్నాడు అని. అలాంటి కాగితం ఇవ్వడం తమ పద్ధతిలో లేదన్నారు వాళ్ళు. నష్టపరిహారం కోసం దరఖాస్తు పెట్టుకుంటే దాని జవాబులో అన్నీ రాస్తామన్నారు. సరే, జిరాక్సు షాపావిడని బతిమాలి కంప్యూటర్లో ఫారం నింపించాడు. 'మీకు కలిగిన నష్టం ఏ రకం?' అన్న దగ్గర సామాను, భోజనం, బస, ఇతరములు అని ఉన్నాయి. ఇతరములు నొక్కమన్నాడు. వివరాలు రాయండి అన్న గడిలో 'చెల్లెలు మాట్లాడటం లేదు' అని రాయించాడు. జిరాక్సు షాపావిడ ఆయన మొహంలోకి ఒకసారి చూసి, అలాగే కొట్టింది.

మూడు వారాలకి ఫోన్‌లో జవాబొచ్చింది. 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం' అన్న మొదటి లైను చూసి మాస్టారు చిన్నపిల్లాడిలా గెంతినంత పనిచేశాడు. ఆ ఊపులో దాన్ని అలాగే చెల్లెలికి పంపేశాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా మిగతాది చదివాడు. నాలుగో పేరాలో ఉంది అసలు సంగతి. 'మా రికార్డు ప్రకారం ప్రయాణికుడు విమానాశ్రయంలో హాజరు కాలేదు. కనుక పరిహారానికి అర్హత లేదు.' అయిదు నిమిషాల్లో చెల్లెలి దగ్గర్నుంచి ఒకే ఒక్క లైను వచ్చింది: 'కంపెనీ వాళ్ళు కూడా అదే అంటున్నారు.'

ఇక చూడండి ఆయన కోపం! ఫోన్లలో ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, ప్రతివాళ్ళకీ కథ మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. ఇరవయ్యో ఫోన్‌కో ముప్పయ్యో ఫోన్‌కో అసలు విషయం బయటపడింది. విమానం రద్దయ్యాక వాళ్ళు ఈయన్ని అడక్కుండానే మర్నాటి విమానంలోకి మార్చారు. సభ అయిపోయాక ఆ విమానం ఎక్కి ఈయన ఏం చేసుకుంటాడు? వెళ్ళలేదు. రాని ఆ రోజుని పట్టుకుని, వచ్చిన రోజుని కూడా చెరిపేశారు.

"నేను ఏడు గంటలు కూర్చున్నానమ్మా అక్కడ! కుర్చీ గుర్తులు ఇంకా పోలేదు!"

"అర్థమైంది సార్. కానీ సిస్టంలో మీరు రాలేదనే చూపిస్తోంది సార్."

"సిస్టం వచ్చిందా ఆ రోజు అక్కడికి? నేనొచ్చాను!"

"మీ బోర్డింగ్ కార్డు ఉంటే ఫోటో పంపండి సార్, రికార్డు సరిచేస్తాం."

నాలుగు నెలల్లో పనికొచ్చే మాట ఇదొక్కటే. కార్డు కోసం మాస్టారు ఇల్లూ కొట్టూ తిరగేశాడు. చొక్కా జేబులు, సొరుగులు, పరుపు కింద, బీరువా వెనక. భార్య చీరల మడతలు విప్పబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "పారేసి ఉంటారు" అంది. "అట్టముక్కని నేను పారేశానా ఎప్పుడైనా?" అన్నాడు మాస్టారు.

ఆ మధ్యాహ్నం ఒక లాయరుగారి పుస్తకానికి వెన్ను అతుకుతున్నాడు. కుడిచేత్తో జిగురు రాస్తూ, ఎడమ చెయ్యి దానంతటదే పెట్టెలోకి పోయి ఒక శుభలేఖ ముక్క అందుకుంది. మాస్టారు తన చేతిని తనే చూశాడు, ఎవరి చెయ్యో అన్నట్టు. కుంచె జిగురు డబ్బాలో పడిపోయింది. ఆ రోజు, ఆ ఎర్ర పుస్తకం వెన్ను బాగుచేస్తున్నప్పుడు, బల్ల మీద ఏముంది? చేతికి ఏం అందింది? సరిగ్గా వెన్నంత పొడుగు, కావలసినంత బిరుసు.

"కొంప ముంచానే! చేతులారా నేనే అంటించాను!" అని కేకేశాడు. భార్యకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన ఫోన్ తీసి ఆడపడుచుకి కలిపింది.

"వదినా, ఆయన పక్కనే ఉన్నాడని నాకు తెలుసు" అంది చెల్లెలు. "జిగురు డబ్బా చప్పుడు కూడా వినిపిస్తోంది."

మాస్టారు ఫోన్ లాక్కున్నాడు. "ఒక్క మాటమ్మా, పెట్టెయ్యకు. ఆ పుస్తకం తెరిచావా అసలు?"

"రోజూ తెరుస్తున్నాను. నాకు కోపం నీ మీద, పిల్లల మీద కాదుగా."

"దాని వెన్ను కొయ్యాలి."

"మతి గానీ పోయిందా నీకు?"

ముప్పై అయిదేళ్ళలో తన బైండింగు కొయ్యమని మాస్టారు ఎవరికీ చెప్పలేదు. అట్ట పక్కన గాడి ఉంటుందనీ, బ్లేడు నిలువుగా కాకుండా ఏటవాలుగా పట్టుకోవాలనీ, దారం తెగకూడదనీ బతిమాలుతూ చెప్పాడు. ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. గుడ్డ చిరిగిన చప్పుడు. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు.

చాలాసేపటికి చెల్లెలి గొంతు వినిపించింది. "కార్డు ఉంది. నీ పేరుంది. నాలుగు టైములు రాసి మూడు కొట్టేశారు. వెనక నీ రాత ఏమిటిది, పెన్సిలుతో?"

మాస్టారికి అదే గుర్తులేదు. ఆమె బడిలో పాఠం చదివినట్టు పైకి చదివింది. "ఎనిమిదీ యాభైకి లేస్తే పదీ ఇరవైకి దిగుతా. బోలెడు టైముంది. పదిన్నరకి లేస్తే పన్నెండుకి దిగుతా. హాయిగా చేరతా. పన్నెండుంబావుకి లేస్తే హాలుకి రెండున్నర. ఇంకా అరగంట ముందే." ఇక్కడికి వచ్చేసరికి ఆమె నెమ్మదించింది. "ఒకటీ నలభైకి లేస్తే హాలుకి మూడూ యాభై అయిదు. శాలువాలూ ఉపన్యాసాలూ అయిపోతాయి. చివర్లో అది మాట్లాడేది అందుతుంది." చదవడం ఆపింది. "కింద ఇంకోటి మొదలుపెట్టి వదిలేశావేం?"

"అప్పుడే రద్దన్నారు."

"నేను నాలుగింటికి మాట్లాడాను అన్నయ్యా. నీ కుర్చీ వైపే చూస్తూ మాట్లాడాను. లోపల తిట్టుకుంటూ." ఆమె ముక్కు ఎగబీల్చింది. "ఫోటో తీసి వదినకి పంపుతాను, మీ కంపెనీ వాళ్ళ మొహాన కొట్టండి. కార్డు మాత్రం ఇవ్వను. ఇప్పుడు ఈ పుస్తకం వెన్ను ఊడింది. ఎవడు అతుకుతాడు?"

"నేనే."

"ఎప్పుడు? ఒక్క పుస్తకం పూర్తి చేశాకా?"

బల్ల మీద లాయరుగారి పుస్తకం సగం అతికి, సగం జిగురోడుతూ ఉంది. మాస్టారు దాని మీద గుడ్డ కప్పేశాడు. "రేపు బస్సుకి" అన్నాడు.

మర్నాడు సాయంత్రం సంచీలో జిగురు సీసా, కుంచె, ఎర్రగుడ్డ పెట్టుకుని గుమ్మం దిగుతుండగా కంపెనీ జవాబు వచ్చింది. 'మీరు పంపిన కార్డుకి జిగురు అంటి ఉన్నందున కోడ్ చదవడం సాధ్యపడలేదు. అసలు కార్డుతో ప్రయాణికుడు విమానాశ్రయంలో స్వయంగా హాజరు కాగలరు.' మాస్టారు రెండుసార్లు చదివాడు. నిన్నటి మనిషైతే వీధంతా వినిపించేలా అరిచేవాడు. ఇవాళ ఫోన్‌లో ఆ నంబరు నొక్కి, పాట మొదలవగానే భార్య చేతిలో పెట్టాడు. "కాసేపు నువ్వు తిట్టు. నాకు బస్సు టైమైంది" అన్నాడు.

స్టాండుకి వెళితే బస్సు లేదు. గంట ఆలస్యం అని బోర్డు రాసి పెట్టారు. మాస్టారు టికెట్ల గది దగ్గరి ఫోన్ నుంచి చెల్లెలికి చేశాడు. బస్సు ఆలస్యం అన్న మాట ఎలా చెప్పాలో తెలియక నీళ్ళు నమిలాడు. చివరికి చెప్పేశాడు.

"గంటేగా. రా అన్నయ్యా" అంది చెల్లెలు.